విద్యార్థుల సాక్ష్యము - వర్తకుల తీర్పు

2022వ సంవత్సరము ఆగస్టు నెలలో న్యూయార్కు విశ్వవిద్యాలయమువారు తమ రసాయనశాస్త్రాధ్యాపకులలో నొకరిని పనినుండి తొలగించిరి. ఆయన పేరు మేట్లండ్ జోన్సు. అప్పటి కాయన వయస్సు 84 ఏండ్లు. 2007 వఱకు ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, విశ్రాంతి గొన్న పిమ్మట న్యూయార్కులో ఏటి కొక ఒడంబడిక చొప్పున పాఠములు చెప్పుచుండెను. కర్బన రసాయనశాస్త్రముపై ఆయన రచించిన 1300 పుటల పాఠ్యగ్రంథము అప్పటికే ఐదవ కూర్పు పొందియుండెను. ఆ యేటి వసంతమున ఆయన తరగతిలోని 350 మందిలో 82 మంది విద్యార్థులు ఒక విన్నపముపై సంతకములు చేసి అధికారుల కందజేసిరి. మార్కులు తాము పడిన శ్రమకు తగినట్లు లేవనియు, నడుమ జరుపు పరీక్షలు మూడింటిని రెంటికి తగ్గించుటచే ఒకసారి జాఱినవాడు మరల లేచుటకు వీలు లేకపోయెననియు, అదనపు మార్కులు సంపాదించు మార్గము లేదనియు, ఇంటనుండి పాఠము వినుట కేర్పాటు లేదనియు, ఆచార్యుని మాటతీరు తమ్ము చులకన చేయునట్లున్నదనియు అందు వ్రాసిరి. ఆయనను తీసివేయుడని మాత్ర మందెచ్చటను లేదు. అయినను వేసవి ముగియునప్పటి కాయన చేతికి పొట్టి యుత్తర మొకటి వచ్చెను. ఆయన బోధన తాము కోరు ప్రమాణమున కందలేదని దాని సారాంశము. సంతకములు చేసిన విద్యార్థులలోనే కొందఱీ వార్త విని విస్తుపోయిరి.

ఇట్టి సంగతి పత్రికలలో వచ్చినప్పుడు మన యిండ్ల యరుగులమీద వినవచ్చు మాటలు రెండు. పెద్దలు, "చూచితిరా, పిల్లలకు నోరిచ్చిన ఫలము! గురువునే గెంటివేసిరి" అందురు. లోకము తెలిసినవార మనుకొనువారు, "లక్షలు పోసి కొనుక్కొనువానికి సరకు నచ్చకున్న ఊరకుండునా? వాని సొమ్ము, వాని యిష్టము" అందురు. ఈ రెండు మాటలును చూపులకు ఒకదానికొకటి విరుద్ధములు. కాని రెంటియందును దాగియున్న దోష మొక్కటియే. విద్యార్థి చెప్పిన దేమో వినవలెనను తలంపు వీరిద్దఱిలో నెవ్వరికిని లేదు. ఒకరు వాని నోరు మూయుదురు. వేఱొకరు వాని చేతిలోని పైకమును జూచి తల యూపుదురు.

విద్యార్థి సాక్షి యనియు, న్యాయాధిపతి కాడనియు మా వాదము. తరగతిలో నేమి జరిగినదో వానికంటె దగ్గఱగా చూచిన వాడు లేడు. కావున వాని సాక్ష్యము వినకుండుట అన్యాయము. కాని శాస్త్రము వానికి తెలిసిన దైనచో వాడు తరగతికే రానక్కఱలేదు. కావున వాని సాక్ష్యమునే తీర్పుగా చలామణి చేయుట మఱియొక యన్యాయము. న్యూయార్కులో ఈ రెండును ఒక్క కాగితముమీదనే జరిగినవని చూపుట కీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఆ చదువెట్టిదో చూడవలయును. కర్బన రసాయనశాస్త్రము అమెరికాలో వైద్యకళాశాలలకు పోగోరువారు దాటవలసిన గడప. దానిని రెండు విధములుగా చదువవచ్చును. మొదటిది వల్లెవేయుట: ఈ పదార్థముతో ఆ పదార్థము కలిసిన ఇది పుట్టును, అని నూరు చర్యలు, ఇన్నూరు చర్యలు కంఠస్థము చేయుట. రెండవది కారణము పట్టుకొనుట. కర్బనము ఆమ్లజనితో జంటబంధమున కూడియున్నచోట ఆమ్లజని ఎలక్ట్రానులను తనవైపునకు లాగికొనును. కర్బనమునకు కొఱత యేర్పడును. ఎలక్ట్రానులు మిగులుగా గల వేఱొక పరమాణువు వచ్చి ఆ కర్బనమును పట్టుకొనును. ఈ యొక్క కారణము మనస్సున నాటినవానికి ఆల్డిహైడులు, కీటోనులు, ఎస్టరులు చేయు పనులలో పెక్కు వల్లెవేయకయే బోధపడును.

సంస్కృతము చదివిన యిండ్లవారి కిది తెలియనిది కాదు. శబ్దమంజరిలో రామశబ్దమును గడగడ యప్పగించు బాలుని, దేవశబ్దమునకు తృతీయైకవచన మేమని యడుగుడు. రామేణ యన్న నోటితో "దేవేణ" యనును. రేఫకాని షకారముకాని ముందున్నచోటనే ఆ నకారము ణకార మగునని కారణ మెఱిగినవాడు "దేవేన" యనును. మొదటివాడు శ్రమ పడలేదని యెవ్వ రనగలరు? రెండవవానికంటె రెండు రెట్లు పడియుండును. వాని శ్రమకు మా కనుకంపము కలదు; అయినను "దేవేణ"కు మార్కు వేయజాలము.

జోన్సు ఈ రెండవ మార్గమును బోధించువాడని పేరు పొందెను. వల్లెవేయించుట తగ్గించి, విద్యార్థులను చిన్న కూటములుగా కూర్చుండబెట్టి సమస్యలు విప్పించుటను ప్రోత్సహించెను. ఆయన చెప్పిన దేమన: పదేండ్లనుండి విద్యార్థులకు నిలుకడ తగ్గుచుండుట గమనించుచుంటిననియు, ప్రశ్నను సరిగా చదువక తప్పుగా గ్రహించువారు విస్తారమైరనియు, మహమ్మారి రెండేండ్లలో మార్కులు కొండకొమ్మునుండి పడినట్లు పడిపోయి, ఒంటియంకెలును సున్నలును కూడ వచ్చినవనియు. ప్రశ్నపత్రములను సులభము చేసినను ఫలము లేదట. మహమ్మారి కాలమున ఆయనయు మఱి యిద్దఱధ్యాపకులును కలిసి 52 ఉపన్యాసములను చిత్రములుగా తీయించిరి. అందులకు ఆయన సొంత సొమ్ము 5,000 డాలర్లకు పైగా వెచ్చించెను. ఆ చిత్రములను చూచినవారు కూడ కొలదిమందే యని ఆయన మొఱ.

ఇది యాచార్యుని సాక్ష్యము. విద్యార్థుల సాక్ష్యమును ఇంతే శ్రద్ధతో వినుదము. 2022లో ఆ తరగతిలో కూర్చున్నవారు 2020, 2021 సంవత్సరములను తెరల యెదుట గడపినవారు. రసాయనశాస్త్రపు తొలిమెట్లను వారిలో ననేకులు పరీక్షనాళిక పట్టకయే యెక్కిరి. శ్రమపడితిమి, ఫలము రాలేదు, అని వారనుచున్నారు. మార్కు శ్రమను కొలుచునది కాదు, పట్టుబడిన విద్యను కొలుచునది. కాబట్టి వారి కోరిక యున్నదున్నట్లు న్యాయము కాదు. కాని ఆ మాటలోని వాస్తవ మెచ్చటికి పోయెను? శ్రమపడి ఫలము పొందనివాడు తన రోగలక్షణమును చెప్పుచున్నాడు. రోగి తానే రోగమునకు పేరు పెట్టి, మందు కూడ నిర్ణయించుకొన్న యెడల వైద్యు డంగీకరింపడు. అంతమాత్రమున నొప్పి లేదనియు అనడు. మాటతీరు చులకనగా నున్నదన్నది మఱింత గట్టి సాక్ష్యము. శాస్త్రము తెలియనివానికిని అవమానము తెలియును. ఈ విషయమున పెద్ద గ్రంథము వ్రాసినవాడనుట సమాధానము కాదు.

ఇట్లు రెండు సాక్ష్యములు ఎదురుపడినప్పుడు విశ్వవిద్యాలయమను పేరు గలచోట నేమి జరుగవలెను? జవాబుపత్రములు వారివద్ద నుండెను. వానిని బల్లమీద పఱచి, ఏ ప్రశ్నవద్ద ఎందఱాగిరి, ఆగినవారు ప్రశ్ననే తెలియక యాగిరా, కారణము తెలియక యాగిరా, అని శాస్త్రజ్ఞులే చూడవచ్చును. ఆచార్యుని పిలిచి, నీవిట్లు మాటలాడితివా యని యడుగవచ్చును. అందులకు బదులు, విద్యార్థులు కోరినచో మార్కులను మరల చూచెదమనియు, ఆ చదువునుండి గడువు మీఱిన పిమ్మటనైనను తప్పుకొననిచ్చెదమనియు చెప్పిరి. దీనివలన విద్యార్థులకును, రుసుములు చెల్లించువారికిని మృదువుగా, గట్టిగా చేయూత నిచ్చినట్లగునని ఒక యధికారి జోన్సునకు వ్రాసెను. చదువరులు ఈ "రుసుములు చెల్లించువారు" అను మాటవద్ద ఒక్కక్షణ మాగవలెనని మా ప్రార్థన. చదువునకును వసతికిని కలిపి ఏటికి 80,000 డాలర్లకు పైగా పుచ్చుకొను సంస్థ యది. పుచ్చుకొనువాడు ఇచ్చువానికి వెఱచుట వర్తకమున సహజమే. కాని రసాయనశాస్త్రము తెలియనివాని పేర తెలిసెనని వ్రాసియిచ్చుట చేయూత యెట్లగునో మాకు తెలియలేదు. కారణము బోధపడక వచ్చిన విద్యార్థి కారణము బోధపడకయే పోయెను. ఆ 82 మందికి జరిగిన నిజమైన నష్ట మిది. దీనికై విచారించినవా రెవ్వరు? ఎల్లరును ముసలి యాచార్యునకై విచారించిరి.

తొలగింపునకు విశ్వవిద్యాలయమువారు చెప్పిన కారణములలో ప్రధానమైనది, విద్యార్థు లిచ్చు అభిప్రాయపత్రములలో ఆయన చదువునకు శాస్త్రశాఖ లన్నిటిలోను అతి తక్కువ స్థానము వచ్చెనని. ఈ అభిప్రాయపత్రముల కెంత విలువ యున్నదో పరీక్షించినవారు లేకపోలేదు. 1973లో ప్రకటితమైన యొక పరిశోధన మిట్లున్నది. అమెరికాలో ఒక నటుని తెచ్చి, డాక్టరు ఫాక్సు అని బిరుదు తగిలించి, అర్థములేని ఉపన్యాస మొకటి నేర్పి, చిఱునవ్వులతోను చమత్కారములతోను చెప్పించిరి. విన్నవారు మెచ్చుకొని మంచి మార్కులు వేసిరి. విన్నవారెవ్వరు? పిల్లలు కారు, మనోవైద్యులు, మనశ్శాస్త్రజ్ఞులు, బోధనవృత్తిలో నున్నవారు. మన సభలలో ఉపన్యాసములు విని చప్పట్లు కొట్టి యింటికి వచ్చి, ఏమి చెప్పెనో జ్ఞాపకము చేసికొనలేక, "ఏమైనను బాగుగా చెప్పెను" అనుకొనువారు ఈ కథకు నవ్వరాదు.

ఇంతకంటె గట్టిది 2010లో వెలువడిన పరిశోధనము. అమెరికా వైమానికదళపు విద్యాలయములో ఏ విద్యార్థి ఏ యధ్యాపకునికడ గణితము చదువవలెనో విద్యార్థి నిర్ణయింపడు; అధికారులు పంచుదురు; పరీక్ష యందఱికి నొక్కటే. కావున పోల్చిచూచుటకు తగిన చోటది. అచ్చట కనుగొన్న దేమన: ఎవరికడ చదివినవారికి ఆ యేటి పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవో ఆ యధ్యాపకులను విద్యార్థులు మెచ్చుకొనిరి. కాని తరువాతి పై గణితములకు పోయినప్పుడు ఆ మెప్పు పొందినవారి శిష్యులు వెనుకబడిరి. అంతగా మెప్పు పొందని అనుభవజ్ఞుల శిష్యులు ముందుకు పోయిరి. అనగా విద్యార్థి అబద్ధము చెప్పలేదు. ఆ దినమున తనకు తోచినది చెప్పెను. విద్య పండుట ఆ దినమున జరుగదు. నారుమడిని చూచి పంటకు వెల కట్టినట్లయ్యెను.

గృహిణులైన చదువరులు ప్రత్యేకముగా గమనింపవలసినది మఱియొకటి కలదు. ఉత్తర కరోలినా రాష్ట్రమున ఒక విశ్వవిద్యాలయములో ముఖము కనబడని దూరపాఠముల తరగతి యొకటి జరిగెను. అధ్యాపకు లిద్దఱు, ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఇద్దఱును తమకప్పగించిన విద్యార్థులలో కొందఱికి తమ పేరను, కొందఱికి రెండవవారి పేరను పాఠము చెప్పిరి. 2015లో ప్రకటించిన ఫలితములను బట్టి, పాఠము చెప్పిన దెవ్వరైనను, పురుషుని పేరున్నప్పుడు ఎక్కువ మెప్పును, స్త్రీ పేరున్నప్పుడు తక్కువ మెప్పును వచ్చినవి. వింత యేమనగా, జవాబులను దిద్ది యిచ్చుటలో వేగ మెట్లున్నదని యడుగగా అందును పురుషుడే చుఱుకైనవా డయ్యెను. దిద్దిన కాగితములు మాత్ర మందఱికి నొక్కదినముననే యందినవి! తరగతు లతి చిన్నవి గనుక దీనినే వేదవాక్యముగా కొనుమని మేమనము. కాని మన యింటి యాడుబిడ్డ రేపు కళాశాలలో రసాయనశాస్త్రము చెప్పబోయినప్పుడు, ఆమె జీతము ఈ యంకెలమీద నాధారపడియుండవలెనా యని తల్లిదండ్రు లాలోచింపవలెను. కెనడాలో, నాడు రయర్సన్ అనియు నేడు టొరాంటో మెట్రోపాలిటన్ అనియు పేరు గల విశ్వవిద్యాలయమునకును అధ్యాపకసంఘమునకును నడుమ ఈ తగవు మధ్యవర్తివఱకు పోయెను. పదోన్నతికిని ఉద్యోగస్థిరతకును బోధనాసామర్థ్యమును కొలుచుటకు ఈ పత్రములను వాడరాదని 2018లో తీర్పు వచ్చెను. విద్యార్థుల యనుభవమును తెలిసికొనుటకు మాత్రము పనికివచ్చునని చెప్పిరి. మేము పైన సాక్షి యన్నమాటయు నిదియే.

ఇంతవఱకు చదివి పెద్దలు సంతోషించుచుందురు. వారిని నిరాశపఱచక తప్పదు. విద్యార్థి మాట వినరాదన్నది మన పూర్వాచార మని వారు తలంతురు. ప్రశ్నోపనిషత్తునకు ఆ పేరే ప్రశ్నలనుబట్టి వచ్చెను. ఆఱుగురు పిప్పలాదునికడకు సమిధలు పట్టుకొని పోగా, ఒక యేడు నియమముతో నుండి పిమ్మట ఇష్టమైన ప్రశ్న యడుగుడని ఆయన చెప్పెను. తనకు తెలిసినయెడల చెప్పెదననియు ననెను. తనకు తెలియనిది కూడ నుండవచ్చునని మొదటి దినముననే యొప్పుకొన్న గురువు! మనవారు పిప్పలాదుని మఱచి ద్రోణుని జ్ఞాపక ముంచుకొనిరి. పాఠము చెప్పకయే బొటనవ్రేలడిగిన గురువును, ఇచ్చిన శిష్యుని నేటికిని ఆదర్శముగా వర్ణించు పాఠములున్నవి. శాస్త్రగ్రంథములలో పూర్వపక్షము లేనిదే సిద్ధాంతము లేదు. తరగతిలో మాత్రము పూర్వపక్షము చేసిన బాలుడు పొగరుబోతు.

ఐరోపాలో మధ్యయుగమున బొలోన్యా నగరమునందు విద్యార్థులే సంఘముగా నేర్పడి ఆచార్యులను శాసించిన కాల మొకటి కలదు. వారి నిబంధనలు చూడదగినవి. గంట మ్రోగగనే పాఠ మారంభింపవలెను. మరల గంట మ్రోగిన పిమ్మట సాగదీయరాదు. ఒక యధ్యాయమును విడిచి ముందుకు దుముకరాదు. కఠినమైన భాగమును చివరకు నెట్టి, కాలము చాలలేదని తప్పించుకొనరాదు. తప్పినవానికి జరిమానా. పాఠమునకు ఐదుగురైన రానియెడల ఆ దినమున ఆచార్యుడు రానట్లే లెక్క. ఇంత యధికారము చేతనున్న ఆ విద్యార్థులు మార్కులు పెంచుమని నిబంధన వ్రాయలేదు. కఠినమైన చోటును దాటవేయవలదని వ్రాసిరి. వారును రుసుము లిచ్చినవారే. కాని తామేమి కొనుచున్నామో వారికి తెలిసియుండెను.

మార్కులకై మొఱపెట్టిన నేటి విద్యార్థిని మాత్రమే నిందించుట మాకు సమ్మతము కాదు. ఆ కర్బన రసాయనశాస్త్రమును శాస్త్రముగా గాక జల్లెడగా వాడుచున్న వారెవ్వరు? వేలకొలది మందిని వడకట్టుటకు సులభమైన సాధనమని దానిని గడపలో నిలిపినవారు పెద్దలే. ఈ తగవున చాలమంది "ఇందులో తప్పినవాడు రేపు శస్త్రచికిత్స చేసిన నేమి గతి?" అని వెక్కిరించిరి. ఆ వెక్కిరింతయు నాలోచన లేనిదే. వైద్యకళాశాలల ప్రవేశపరీక్షను 2015లో మార్చినప్పుడు అమెరికావారే జీవరసాయనశాస్త్రమునకును, మనశ్శాస్త్ర సమాజశాస్త్రములకును చోటు పెంచిరి. జల్లెడగా వాడబడిన విద్యను ఎవ్వరును ప్రేమింపరు. దాని రంధ్రము ఎంత పెద్దదో యని మాత్రమే చూతురు.

మన సంగతి యేమి? ఇంటరు రెండేండ్లు రసాయనశాస్త్రమును నాలుగు జవాబులలో నొకదానికి గుర్తు పెట్టుటకై చదువు మన పిల్లలకు, కారణము చెప్పు నుపాధ్యాయుడు కాలము వృథా చేయువాడుగా కనబడుచున్నాడు. "సారు, ఇది పరీక్షలో వచ్చునా?" యన్న ప్రశ్న మేము ఇరువది యేండ్లకు పైగా వినుచున్నాము. ఆ ప్రశ్న పిల్లలది కాదు. ఇంటిలో వారికి నేర్పినది. మార్కు మాత్రమే అడుగు తండ్రి, పాఠ మేమి చెప్పిరని యొక్కనాడైన అడుగని తండ్రి, న్యూయార్కు విశ్వవిద్యాలయపు అధికారిని తప్పుపట్టుటకు తగడు. ఈ పిల్లలలో వేలమంది పిమ్మట ఆ దేశపు తరగతులకే పోవుచున్నారు.

మన కళాశాలలలోను విద్యార్థుల యభిప్రాయము నడుగు నాచారము వచ్చినది. జాతీయ గుర్తింపుసంస్థయైన న్యాక్ వారు 2017లో సవరించిన పద్ధతిలో విద్యార్థుల సంతృప్తి పరిశీలనమును చేర్చిరి. సంతృప్తి! ఈ మాట భోజనశాలకు తగును. అడుగుట మంచిదే, అడుగవలసినది సంతృప్తి కాదు. నియమించిన దినములలో ఎన్ని దినములు అధ్యాపకుడు వచ్చెను? మార్కులు ఏ లెక్కను వేయుదురో మొదటనే చెప్పెనా? జవాబుపత్రములు ఏ తేదీన తిరిగి వచ్చినవి? వేగముగా దిద్దెనా యని యడిగినయెడల ఉత్తర కరోలినా కథ పునరావృత్తి యగును. తేదీ యడిగినచో అబద్ధమున కెడము లేదు. సందేహ మడిగినవానిని అవమానించెనా, అయినచో ఏ మాటతో? ఏ పాఠమువద్ద నీకు దారి తప్పెను? ఈ చివరి ప్రశ్నకు పదవతరగతి పిల్లలు కూడ ఎంత సూక్ష్మముగా జవాబు చెప్పుదురో అడిగి చూచినవారికి తెలియును. "మోల్ అనగా నేమో చెప్పిరి గాని, అది యెందులకో చెప్పలేదు" అని ఒక బాలిక మా పాఠశాలలో వ్రాసెను. ఐదింట నాలుగు మార్కులు వేయుమని యామె నడిగియుండిన ఈ వాక్యము మాకు దొరకియుండునా?

అధ్యాపకునకు శాస్త్రము తెలియునా, చెప్పిన భాగము సరియైనదేనా యన్నది విద్యార్థి నడుగరాదు. తోటి యధ్యాపకుడు వచ్చి తరగతిలో కూర్చుండవలెను. ప్రశ్నపత్రములను, దిద్దిన జవాబులను చదువవలెను. పైతరగతిలో ఆ పిల్లలకు పాఠము చెప్పువారిని, వీరే పునాదితో వచ్చిరని యడుగవలెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇద్దఱు నాట్యాచార్యులకు పోటీ వచ్చినప్పుడు, వారి శిష్యుల ప్రయోగమును చూచి తెలిసినవారు నిర్ణయింపవలెనని యేర్పాటు చేసిరి. తనలో విద్య యుండుట వేఱు, ఎదుటివానియందు నాటుట వేఱు అని యా సభలోనివా రెఱుగుదురు. అయితే అచ్చటను మధ్యస్థురాలికి మాళవికను రాజునకు చూపవలెనను గూఢోద్దేశము వేఱుగా నుండెను. మాళవిక ఆట ముగియగనే మధ్యాహ్నమైనదని లేచిరి. రెండవ యాచార్యుని శిష్యురాలిని చూచినవారు లేరు. తీర్పరికి సొంత ప్రయోజన మున్నచో విచారణ యెంత సొంపుగా జరిగినను ఫల మిట్లే యుండును. న్యూయార్కు తీర్పరుల ప్రయోజన మేదో వారి యుత్తరముననే యున్నది.

జోన్సును అంత సులభముగా తొలగింపగలుగుటకు హేతువు విద్యార్థుల విన్నపము కాదు, ఏటికేడు ముగియు నొడంబడిక. స్థిరమైన యుద్యోగ మున్నవానిపై ఇంతకంటె పెద్ద విన్నపము వచ్చినను విచారణ లేకుండ పంపజాలరు. తనకు ఉద్యోగము మరల వలదనియు, ఇట్టిది మఱియొకరికి జరుగకుండిన చాలుననియు ఆయన చెప్పెను. ఆయనకు పుస్తకము కలదు, ప్రిన్స్టన్ పేరు కలదు. ఆయన పక్షమున సహాధ్యాపకులును, విద్యార్థులలో కొందఱును వ్రాసిరి. లోకపు పత్రిక లన్నియు ఆయన తలుపు తట్టినవి. మన జిల్లాకేంద్రముల డిగ్రీ కళాశాలలలో ఒప్పందముమీదనో, గంట కింత యను లెక్కనో రసాయనశాస్త్రము చెప్పుచున్న యువకునకును యువతికిని ఇవి లేవు. అభిప్రాయపత్రములను ఒడంబడిక పొడిగించు చేతికి ఈయరాదనియు, పత్రములలోని ఫిర్యాదును ఆ యధ్యాపకునకు చూపి, జవాబు వ్రాతమూలముగ పుచ్చుకొనవలెననియు, ఆ జవాబును ఫిర్యాదు చేసిన తరగతికి తెలుపవలెననియు విద్యాశాఖవారు ఒక నియమము చేయవలెను. దానికి డబ్బక్కఱలేదు. అది చేయనంతకాలము, జూన్ నెలలో కళాశాల తెఱచినప్పుడు ఆ యధ్యాపకుని పేరు పట్టికలో లేకున్నచో, ఏల లేదో ఆయనయు నెఱుగడు, ఆయన విద్యార్థులును ఎఱుగరు.